అంచు కనబడని సముద్రం

1911 ఏప్రిల్ 1న ఏర్పడిన చిత్తూరు జిల్లాకి సముద్రం లేదు. 2022 ఏప్రిల్ 4న దాన్ని విడదీసి తిరుపతి జిల్లా చేసేవరకూ, నూట పదకొండేళ్ళ పాటు మాది కొండలూ చెరువులూ ఇసక తేలిన ఏర్లూ ఉన్న జిల్లా. అందుకని మాకు సముద్రమంటే ఎవరో చెప్పగా విన్నదే. పాలసముద్రం చిలికిన కథ హరికథల్లో విన్నాం. లక్ష్మికి పుట్టిల్లు సముద్రమని పెళ్ళిళ్ళలో విన్నాం. తిరుమల గర్భగుడిలో మూలవిరాట్టు వెనక చెవి ఆనిస్తే అలల హోరు వినబడుతుందని మా పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. విన్నవాళ్ళెవరని చిన్నప్పుడు మా అవ్వనడిగితే "అయ్యోర్లకి వినిపిస్తాది లే పాపా" అనింది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. సముద్రాన్ని వినేవాళ్ళు వేరే ఉంటారు, మనకి వాళ్ళు చెప్తారు. అంతే.

ఎవరో చూసి మనకి చూపించే సముద్రం గురించే ఈ వ్యాసం. నెదర్లాండ్స్‌లోని ద హేగ్ నగరంలో పనోరమా మెస్డాగ్ అనే మ్యూజియం ఉంది. ఆ మ్యూజియం ఉన్న వీధి పేరు జేస్ట్రాట్, అంటే సముద్రపు వీధి. హెండ్రిక్ విల్లెమ్ మెస్డాగ్ అనే చిత్రకారుడి ఆధ్వర్యంలో 1881లో నాలుగు నెలల్లో గీసిన ఒకే ఒక్క చిత్రం కోసం కట్టిన భవనం అది. ఎత్తు 14 మీటర్లకి పైన, చుట్టుకొలత 120 మీటర్లు. పంతొమ్మిదో శతాబ్దపు పనోరమాలు యూరప్‌లో చాలా ఉండేవి. సినిమా వచ్చాక ఒక్కొక్కటే పోయాయి. కట్టిన చోటే నిలిచి ఉన్న వాటిలో ఇది అన్నిటికన్నా పాతది. ఆ మధ్య ఒక సదస్సుకి లైడెన్ వెళ్ళినప్పుడు ఒక పూట ఖాళీ దొరికితే రైలెక్కి వెళ్ళి చూశాను.

లోపల ముందు మామూలు చిత్రాల గదులు. వాటిని దాటాక సన్నటి చీకటి నడవా, దాని చివర మెలికలు తిరిగే మెట్లు. పైకెక్కితే ఇసక దిబ్బ మీద ఉన్నట్టు ఒక గుండ్రటి వేదిక, దాని మీద గొడుగులాంటి కప్పు. చుట్టూ స్కేవెనింగెన్ అనే బెస్తపల్లె. ఒక పక్క సముద్రం, ఒడ్డుకి లాగిపెట్టిన పడవలు, గుర్రాల మీద సైనికులు. ఇంకో పక్క ఇళ్ళ కప్పులు, చర్చి, దిబ్బలు, దూరంగా నగరం. ఎటు తిరిగినా చిత్రం ఆగదు. మొదలు లేదు, చివర లేదు. బయట మబ్బు పడితే లోపల సముద్రం కూడా నల్లబడుతుంది. నేనున్న అరగంటలో రెండు సార్లు ఎండ వచ్చి పోయింది, రెండు సార్లూ పక్కనున్న పిల్లలు "ఆ..." అన్నారు.

ఇది ఎలా సాధ్యమయింది? కిటుకంతా అంచుల్ని దాచడంలో ఉంది. పైన గుడ్డ కట్టిన కప్పు మన కంటికి చిత్రం పై అంచు కనబడకుండా అడ్డుపడుతుంది, వెలుతురు వచ్చే అద్దాల కప్పునీ దాచేస్తుంది. కింది అంచుని దాచడానికి వేదిక చుట్టూ నిజమైన ఇసక పోశారు, నిజమైన వలలూ లంగరూ పడేశారు. నిజమైన ఇసక ఎక్కడ ముగిసిందో, రంగు ఇసక ఎక్కడ మొదలయిందో పట్టుకోవడం కష్టం. పక్క అంచులు గుండ్రంలో కలిసిపోయాయి. చీకటి నడవా పని కూడా అదే. వీధిలో చూసిన కొలతల్ని, వెలుతురుని కళ్ళు మర్చిపోవాలి. పోల్చి చూడడానికి ఏమీ మిగలకపోతే ఎదురుగా ఉన్నదే లోకం.

కొలతలు తీసుకున్న పద్ధతి కూడా చెప్పుకోదగ్గదే. సెయిన్‌పోస్ట్ అనే దిబ్బ మీద మెస్డాగ్ ఒక గాజు గొట్టంలో నిలబడి, చుట్టూ కనబడే దృశ్యాన్ని ఆ గాజు మీదే గీసుకున్నాడు. దాన్ని పెద్దది చేసి కాన్వాసు మీదికి ఎక్కించారు. ఇవాళ మనం నిలబడే చోటు ఆయన నిలబడిన చోటుకి నకలు. మనం ఆయన కంట్లో నిలబడి చూస్తున్నాం. అసలు దిబ్బని ఆ తర్వాత చదును చేశారు. ఇప్పుడు ఆ చూపు ఉంది, దిబ్బ లేదు.

చూసేవాడు మధ్యలో ఎత్తున నిలబడి ఉంటాడు, లోకమంతా చుట్టూ పరిచి ఉంటుంది. ఈ ఏర్పాటుకి ఒక చరిత్ర ఉంది. రాబర్ట్ బార్కర్ అనే చిత్రకారుడు 1787లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. దాదాపు అదే కాలంలో బెంథామ్ ఒకే చోటి నుంచి ఖైదీలందరినీ కనిపెట్టగల జైలుకి పథకం గీశాడు. 1800లో లండన్ లైసియంలో జనం డబ్బిచ్చి చూసిన పెద్ద పనోరమా శ్రీరంగపట్నం ముట్టడి. గీసినవాడు రాబర్ట్ కెర్ పోర్టర్. టిప్పు సుల్తాన్ చనిపోయి అప్పటికి ఏడాది. టిప్పు తండ్రి హైదర్ అలీ 1782లో కన్నుమూసింది మా చిత్తూరు దగ్గరి దండులోనే. మన నేల మీద జరిగిన యుద్ధం లండన్‌లో టికెట్టు పెట్టి చూసే దృశ్యమయింది. నెత్తురూ లేకుండా, దుమ్మూ లేకుండా, యుద్ధాన్నంతా ఒకేసారి చూడగలిగిన చోటు కొన్న మనిషి ఎదురుగా నిలబడ్డాడు. స్కేవెనింగెన్ సముద్రానికి ఇంత క్రూరత్వం లేదు. అయినా ఆ వేదిక అదే. అక్కడ నిలబడినప్పుడు నాక్కూడా హాయిగానే ఉంది. అన్నీ నాకు కనబడుతున్నాయి, నేను ఎవరికీ కనబడడం లేదు. రోడ్డు మీద నడిచేటప్పుడు ఆడవాళ్ళకి ఈ హాయి ఎంత అరుదో మనకి తెలుసు.

ఆ హాయిలో ఉండగానే ఒడ్డున తెల్లటి గొడుగు ఒకటి కనబడింది. దాని కింద ఒకామె కూర్చుని బొమ్మ గీస్తోంది. ఆమె సీంత్యే ఫాన్ హౌటెన్, మెస్డాగ్ భార్య. ఆమెని అక్కడ గీసింది భర్తే. చూసేవాళ్ళు దీన్ని ప్రేమ గుర్తుగా చెప్పుకుంటారు. కాదనను. కానీ సీంత్యే ఈ చిత్రంలో గొడుగు కింద బొమ్మ మాత్రమేనా?

సీంత్యే 1834లో ఖ్రోనింగెన్ నగరంలో పుట్టింది. తండ్రి కలప వ్యాపారి. తమ్ముడు సామ్యూల్ ఫాన్ హౌటెన్ 1874లో ఫ్యాక్టరీల్లో పిల్లల పనిని నిషేధించే చట్టం తెచ్చిన రాజకీయ నాయకుడు. 1856లో మెస్డాగ్‌తో పెళ్ళయింది. అప్పటికి ఆయన తండ్రి బ్యాంకులో ఉద్యోగి, సెలవుల్లో బొమ్మలు గీసుకునేవాడు. 1864లో సీంత్యే తండ్రి చనిపోయి ఆమెకి ఆస్తి వచ్చింది. ఆ ధైర్యంతోనే 1866లో, ముప్పై ఐదేళ్ళ వయసులో ఆయన బ్యాంకు వదిలి బ్రస్సెల్స్ వెళ్ళి చిత్రకళ నేర్చుకున్నాడు. 1870లో పారిస్ సెలాన్‌లో ఆయన సముద్రచిత్రానికి బంగారు పతకం వచ్చింది. అంటే ఆ సముద్రం ఒక స్త్రీకి పుట్టింటి నుంచి వచ్చిన డబ్బుతో మొదలయింది.

1871లో వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు క్లాస్ ఎనిమిదేళ్ళ వయసులో చనిపోయాడు. సీంత్యే చిత్రకళలో పూర్తిగా మునిగింది ఆ రోజుల నుంచే, నలభైకి దగ్గరపడుతూ. బీడు నేలలూ, చెట్లూ, పూలూ, పాత్రలూ గీసింది. పదేళ్ళ తర్వాత ఈ పనోరమా వచ్చింది. ఇంత పెద్ద పని ఒక్కడి చేతిలో అయ్యేది కాదు. తెయోఫీల్ ద బాక్, తర్వాత చాలా పేరు తెచ్చుకున్న బ్రైట్నర్, బ్లామర్స్ సాయం చేశారు. ఊరు ఉన్న భాగంలో సీంత్యే పనిచేసింది. పని విభజన గమనించండి. సముద్రం ఆయనది. ఆకాశం, దిబ్బలు ఒక స్నేహితుడివి. ఇళ్ళ దగ్గరికి వచ్చేసరికి ఆమె కుంచె కనబడుతుంది. దాన్ని ఎవరూ కుట్రగా చేసి ఉండరు. ఆయన సముద్రానికి పేరుపడ్డవాడు కనక అలా కుదిరిందనుకోవచ్చు. అయితే కుదిరినప్పుడల్లా ఇలాగే ఎందుకు కుదురుతుందని అడగడం మన వంతు. గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరని 1971లో లిండా నాక్లిన్ అడిగినప్పుడు ప్రతిభ ఉందా లేదా అన్న వాదంలోకి ఆమె దిగలేదు. చదువు, డబ్బు, గది, గురువు, సభ్యత్వం ఎవరికి అందాయని అడిగింది. ఇక్కడ ఇంకో ప్రశ్న కూడా చేర్చాలి. అందినప్పుడు కూడా ఆ పని ఎవరి పేరు కింద జమ అయింది?

మ్యూజియం దుకాణంలో కొన్న పోస్ట్ కార్డు ఊరికి తీసుకెళ్ళి మా అమ్మకి చూపించాను. మా అమ్మ ఐదో తరగతి దాకా చదివింది, బొమ్మలంటే ఇష్టం. కళ్ళద్దాలు పెట్టుకుని వేలితో ఒక్కొక్కటీ వెతికింది.

"ఈ గొడుగు కింద కూచోనుండేది ఎవురు పాపా?"

"బొమ్మ గీసినాయన పెండ్లాం మా. ఆమె కూడా గీస్తాది."

"అట్నా? మరి ఆయన యాడుండాడు?"

"ఆయన కనపడడు మా. మనం చూసేది ఆయన కండ్లతోనే."

మా అమ్మ కాసేపు చూసి, "అయితే ఆ మనిషి గీస్తా ఉండే బొమ్మలో ఏముండాదో చెప్పు" అనింది.

నాలుగు వారాలుగా నేను రాసుకున్న నోట్సులో ఈ ప్రశ్న లేదు. గొడుగు కింద స్త్రీ ఏం గీస్తోంది? ఆమె ముందున్న బొమ్మ మనకి కనబడదు. ఆమె చూసే సముద్రం దిబ్బ మీద నుంచి కనబడే సముద్రం కాదు. ఇసకలో, నేల మీద, మనుషుల మధ్య కూర్చున్నవాళ్ళకి కనబడే సముద్రం. అలా చూస్తే ఆ తెల్ల గొడుగు పనోరమాలో ఇంకో కేంద్రం. ఒకే చోటు నుంచి అన్నీ కనబడతాయన్న మాటకి ఆ చిత్రంలోనే ఒక కాదనడం ఉంది. గీసిన భర్త ఉద్దేశం అదేనా అన్నది నాకంత ముఖ్యం కాదు. చిత్రంలో ఉన్నది చదవడం విమర్శ పని.

ఇది చదువుతున్న మీకు తాళ్ళపాక తిమ్మక్క గుర్తొచ్చి ఉంటుంది. నాకూ వెంటనే గుర్తొచ్చింది, నా పరిశోధన తిరుపతిలో ఆ చుట్టుపక్కలే జరిగింది కాబట్టి. అన్నమయ్యవీ, కొడుకూ మనవళ్ళవీ వేల సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల ఆలయంలో దాచారు. ఒక ఇల్లంతా పాట పనిలో ఉన్న రోజులవి. ఆ ఇంటి తిమ్మక్క పేరు మీద మనకి మిగిలింది సుభద్రా కళ్యాణం ఒక్కటే. తొలి తెలుగు కవయిత్రి అని గౌరవంగా ఒక వాక్యం రాస్తాం, దానికి ముందు "అన్నమయ్య భార్య" అని రాస్తాం. ఆ ఇంట్లో ఆమె చెవి, ఆమె గొంతు, ఆమె పాటల జ్ఞాపకం సంకీర్తనల్లో ఎంతవరకు చేరాయో తేల్చే ఆధారం లేదు. అందుకని చేరాయని నేను వాదించను. కానీ ఆ ప్రశ్న వేయకుండానే సాహిత్య చరిత్రలు రాసుకున్నాం. అంచు మీద ఇసక పోసి కప్పేశాం.

ఇది పాత కాలపు సంగతి మాత్రమే కాదు. కొన్నేళ్ళ కింద ఒక సంస్థ మా ప్రాంతపు స్త్రీల పాటల సంకలనం వేసింది. ముగ్గురం పరిశోధక విద్యార్థినులం రెండు వేసవులు పల్లెలు తిరిగాం. కలుపు తీసే చేలల్లో, ఇళ్ళ అరుగుల మీద కూర్చుని పాటలు రికార్డు చేశాం, రాత్రుళ్ళు రాసుకున్నాం, మాండలికపు మాటలకి అర్థాలు అడిగి తెచ్చాం. పుస్తకం వచ్చింది. అట్ట మీద సంపాదకుడి పేరు. లోపల కృతజ్ఞతల్లో "సహకరించిన విద్యార్థినులకు" అని రెండు మాటలు. పాడిన ఆడవాళ్ళకైతే ఆ రెండు మాటలూ లేవు, ఊళ్ళ పేర్లున్నాయి. కోపం మాకు మా పేర్ల గురించే ముందు వచ్చింది. అది సహజమే. తర్వాత నిదానంగా ఆలోచిస్తే పాడిన వాళ్ళ సంగతి ఇంకా బరువుగా తోచింది.

పనోరమాలో కూడా ఆగాల్సిన చోటు ఇదేననుకుంటాను. సీంత్యేకి ఆస్తి ఉంది, ఇల్లుంది. భార్యాభర్తలు కలిసి సేకరించిన చిత్రాలు, వాటి కోసం కట్టిన మ్యూజియం 1903లో దేశానికి ఇచ్చారు. ఆమె పేరు వెతికితే దొరుకుతుంది. ఒడ్డున చీమల్లా కనబడే మిగిలిన వాళ్ళ పేర్లు? స్కేవెనింగెన్‌కి 1904 దాకా రేవు లేదు. అడుగు చదునుగా ఉండే పడవల్ని గుర్రాలతో ఇసక మీదికి లాగేవాళ్ళు. మగవాళ్ళు సముద్రం మీదికి పోతే వలలు బాగుచేసేదీ, చేపల బుట్టలు మోసుకుని నడిచి హేగ్ వెళ్ళి అమ్మేదీ ఆడవాళ్ళు. దిబ్బ మీది నుంచి చూస్తే వాళ్ళు అందమైన రంగు చుక్కలు. సీంత్యే గొడుగు దగ్గరి నుంచి చూసినా బహుశా బొమ్మకి మంచి వస్తువులు. ఒక స్త్రీకి కుంచె అందినంత మాత్రాన ఒడ్డున ఉన్న స్త్రీలందరూ చూసేవాళ్ళయిపోరు. స్త్రీవాదం మన దగ్గర దళిత, బహుజన, ముస్లిం స్త్రీల నుంచి విన్న మాట ఇదే. ఇంకా పూర్తిగా వినవలసిన మాట కూడా.

2022లో నెల్లూరు జిల్లా నుంచి సూళ్ళూరుపేట, తడ వైపు ఊళ్ళు కలిసి తిరుపతి జిల్లాకి ఒడ్డు వచ్చింది. పులికాట్ సరస్సు వచ్చింది. ఆ సరస్సుకీ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట వచ్చింది. అక్కడ కూడా ఒక వేదిక ఉంది. రాకెట్లు ఎగరడం జనం చూడడానికి 2019లో ఐదు వేల మంది పట్టే గ్యాలరీ తెరిచారు. రాకెట్ లేచినప్పుడు వచ్చే ఆనందం నాకు తెలుసు, దాన్ని తక్కువ చెయ్యను. అయితే ఆ దీవి అడవిలో ఆకులూ దుంపలూ తేనే ఏరుకుని, మందుమొక్కలు ఎరిగి బతికినవాళ్ళు యానాదులు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ చోటు ఎంచుకున్నాక వాళ్ళలో ఎందరో దీవి వదలాల్సి వచ్చింది. గ్యాలరీలో కూర్చుంటే మన చూపు పైకే పోతుంది. కిందా పక్కనా ఏముందో అడగాలని తోచదు. మంచి పనోరమా చేసే పని అదే. ఎటు చూడాలో చెప్పకుండానే చూపిస్తుంది.

అంచుల్ని దాచకుండా సముద్రాన్ని చూపించలేమా? మా శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డల్లో సేతుబంధనం చూడండి. సముద్రం అడ్డగీతల అలలుగా ఉంటుంది, అందులో చేపలూ మొసళ్ళూ తేలుతుంటాయి. అది నిజం సముద్రమని ఎవరూ మోసపోరు. కథ వరసలు వరసలుగా సాగుతుంది. ఒకే చోట నిలబడితే సరిపోదు, గుడ్డ పొడుగునా నడవాలి, వంగాలి, వెనక్కి రావాలి. చుట్టూ చీరకున్నట్టు అంచు ఉంటుంది, కథ ఇక్కడికి అయిపోయిందని చెప్తుంది. ఆ గుడ్డని కరక్కాయ, గేదెపాలలో నానబెట్టాలి. ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్ళతో నలుపు గీయాలి. పటిక పూయాలి, స్వర్ణముఖిలో పారే నీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతకాలి, ఆరబెట్టాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆ పనంతా వాసన వేస్తుంది. ఇవాళ ఆ పనిలో ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. కలంకారీలో అన్యాయం లేదని అనడం లేదు. పురస్కారాలు ఎక్కువగా మగ గురువుల పేరునే వచ్చాయి, ఉతికిన చేతుల పేర్లు గుడ్డ మీద ఉండవు. కానీ పని జరిగిందన్న సంగతిని ఆ గుడ్డ దాచదు.

విమర్శ రాసేటప్పుడు నేను కోరుకునేది ఆ గుణాన్నే. మెస్డాగ్ పనోరమా గొప్పది, వీలైతే తప్పక చూడండి. చూసేటప్పుడు కాసేపు సముద్రాన్ని వదిలి, కప్పు ఎక్కడ ఆగిందో, ఇసక ఎక్కడ రంగుగా మారిందో వెతకండి. ఊరి వైపు తిరిగి ఇళ్ళ కప్పుల్ని కూడా చూడండి. సాహిత్య చరిత్రల్నీ, సంకలనాల్నీ అలాగే తిప్పి చూడాలి. మా పాటల పుస్తకం రెండో ముద్రణకి వస్తోందని ఈ మధ్య తెలిసింది. పాడిన ఆడవాళ్ళ పేర్లు ఊళ్ళవారీగా మా రికార్డుల్లో ఉన్నాయి. ముగ్గురం కలిసి ఆ జాబితా రాసి, అచ్చు వెయ్యమని అడుగుతూ పంపించాం. జవాబు రావలసి ఉంది.